పర్లేదు కింద పదకొండు కుప్పలు

అరవై మూడు శాతం దగ్గర ఆగిపోయింది.

మంగళవారం పొద్దున్న తొమ్మిదింటికి మొదలైన అప్‌డేట్ అది. డెస్క్‌టాప్ తెర మీద నీలం గీత మొదట్లో బాగానే పాకింది. అరవై మూడు దాకా వచ్చి, ఏదో గుర్తొచ్చినట్టు నిలబడిపోయింది. కాసేపటికి బూడిదరంగు పెట్టె ఒకటి తెరుచుకుంది. 'అప్‌డేట్ విఫలమైంది. దోషం 417. సాక్ష్యం సరిపోలలేదు.' దాని కింద ఒకే ఒక్క బటన్, 'సరే' అని. కొంప మునుగుతున్నా మనిషి చేత సరే అనిపించడం సాఫ్ట్‌వేర్ వాళ్ళకే చెల్లింది. ఆ పెట్టెలో ఆ ముక్కలు రాసింది పైడితల్లే కాబట్టి, ఎవర్ని తిట్టుకోవాలో వెతుక్కోవాల్సిన అవసరం మాత్రం లేకపోయింది.

పైడితల్లికి ఇరవై ఆరేళ్ళు. మధురవాడ కొండ మీద ఒక చిన్న ల్యాబులో ఇంజనీరు. అక్కడ అందరికీ పైడి, కంచరపాలెంలో ఇంటికొచ్చేసరికి గుంట, అంటే చిన్నపిల్ల. ఆ ల్యాబు తయారుచేసే వస్తువు ఒక్కటే, 'గొంతు' అనే చాట్ అప్లికేషన్. అందరూ చాట్‌లో వేళ్ళతో టైపు చేస్తే ఇందులో మెడతో చేస్తారు. మనిషి మాట్లాడాలనుకున్నప్పుడు మెదడు గొంతు కండరాలకి ఆజ్ఞ పంపుతుంది. కండరాలు చచ్చుబడి ఆ ఆజ్ఞని పట్టించుకోకపోయినా, అది మాత్రం మెడదాకా వచ్చి తలుపు కొడుతుంది. ఆ చప్పుడుని పట్టుకునే పట్టీ ఒకటి మెడకి కడతారు. పట్టీ పట్టిందాన్ని కంప్యూటర్ అక్షరాలు చేసి చాట్ కిటికీలో పెడుతుంది.

ఆ ఇంట్లో పట్టీ కట్టుకున్నది పైడితల్లి అక్క ముత్యాలు. వాళ్ళ వైపు అక్కని అప్ప అంటారు. అప్పకి ముప్పై ఎనిమిదేళ్ళు. పన్నెండేళ్ళు కొత్తవలస బస్సులో కండక్టరు చేసింది. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళని ఆమె పిలిచే పిలుపులు విని, లోపల కూర్చున్న పెద్దమనుషులు చూడ్డానికి ఏమీ లేకపోయినా కిటికీలోంచి బయటికి చూసేవాళ్ళు. ఐదేళ్ళ కిందట పట్టుకున్న నరాల జబ్బు మొదట చేతుల్ని, తర్వాత కాళ్ళని, నాలుకని, ఆఖరికి కనురెప్పల్ని కూడా తీసుకుపోయింది. ఇప్పుడు కళ్ళు సగం తెరిచే ఉంటాయి, ఎదురుగా ఉన్న తెరని చూస్తాయి. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు ఆర్పమంటే ఆర్పలేవు. ఆమెకి లోకంలోకి మిగిలిన దారి ఆ చాట్ కిటికీ ఒక్కటే. అది మూసుకుపోయింది. మెడపట్టీ మీద పచ్చ దీపం మాత్రం మినుకుమినుకుమంటూనే ఉంది. అంటే అప్ప ఏదో చెబుతూనే ఉంది.

"రీచార్జి అయిపోనాదేటి?" అని అడిగింది వాళ్ళమ్మ సూరీడమ్మ. కాదంది పైడితల్లి. మరి ఎప్పటికవుద్దని అడిగింది. అరగంట అంది పైడితల్లి. ఆ వృత్తిలో అరగంట అంటే తెలీదని అర్థం.

ఆ రోజంతా ఆమె చెయ్యని వైద్యం లేదు. తీసేసి మళ్ళీ ఎక్కించింది. తాత్కాలిక ఫైళ్ళు చెరిపింది. కేబుల్ మార్చింది. వైరస్ కాపలాదారుని పక్కన కూర్చోబెట్టింది. అన్నీ ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. పన్నెండుసార్లు అరవై మూడు, పన్నెండుసార్లు 417. పాత వెర్షన్‌కి వెనక్కి పోదామంటే, ఈ ఖాతా సగం గుమ్మం దాటేసింది, వెనక్కి రానివ్వనంది సర్వర్. అసలు భయం అది కాదు. శుక్రవారం సాయంత్రం ఐదు గంటలకి పాత సర్వర్‌ని ఆపేస్తున్నారు. అప్పటికి అవతలికి చేరని ఖాతాలు చెరిగిపోతాయి. అప్ప ఖాతా అంటే అప్ప మెడ పలికే ప్రతి చప్పుడుకీ అర్థం రాసిపెట్టుకున్న నాలుగేళ్ళ నిఘంటువు. దాన్ని మొదటిసారి నేర్పినప్పుడు అప్ప పెదాలు ఇంకా కదిలేవి. ఎదురుగా కెమెరా పెట్టి, మూడొందల మాటలు, ఎనిమిది వారాల పాటు పెదాలకీ చప్పుళ్ళకీ జత కుదిర్చారు. ఇప్పుడు కదిలే పెదాలు లేవు. ఇది పోతే రెండోది లేదు.

బుధవారం ల్యాబుకెళ్ళింది. మూడొందల నలభై మంది వాడుతున్న అప్లికేషన్‌లో తొంభై ఒక్కరికి అదే 417. ల్యాబు పెద్ద వహీదా మేడమ్ అప్పటికే దారి చెప్పేసింది. కొత్త వెర్షన్ చేసే తనిఖీని దాటేసే ఆదేశం ఒకటుంది, 'ఫోర్స్' అంటారు. ఆ ఒక్క ముక్క కొడితే ముప్పై నిమిషాల్లో మనిషి మాట్లాడుతుంది. మధ్యాహ్నానికి అందరూ కలిసి డెబ్భై ఇళ్ళకి ఫోర్స్ కొట్టేశారు. అందులో పంతొమ్మిది పైడితల్లి చేత్తో కొట్టినవే.

అప్ప ఖాతా దగ్గరికొచ్చేసరికి ఆమెకో అనుమానం వచ్చింది. ఫోర్స్ కొడితే అప్ప యాస పోతుందేమోనని. 'ఏటి' అనే మనిషి రేపట్నుంచి 'ఏమిటి' అంటే ఇంట్లో ఎవరితో మాట్లాడుతున్నట్టుంటుంది? అందుకని తనిఖీ ఎక్కడ బెడిసిందో ఒకసారి చూద్దామని ఫైలు తెరిచింది.

కొత్త వెర్షన్ కాస్త చాదస్తపు గుమాస్తా లాంటిది. నాలుగేళ్ళ చప్పుళ్ళనీ, వాటికి ఎదురుగా రాసున్న మాటల్నీ మళ్ళీ మొదట్నుంచి సరిచూసుకుంటుంది. ఒకలాంటి చప్పుళ్ళని ఒక కుప్ప పోస్తుంది. 'నీళ్ళు' కింద ఒక కుప్ప. 'అమ్మ' కింద ఒకటి. 'ఫ్యాను' కింద ఒకటి. అంతా శుభ్రంగా ఉంది. 'పర్లేదు' దగ్గర మాత్రం గుమాస్తా కలం కింద పెట్టేశాడు. ఆ ఒక్క మాట కింద పదకొండు కుప్పలున్నాయి. ఒకదానికొకటి పోలిక లేదు. అందులో ఒక్కటి కూడా, కెమెరా ముందు అప్ప తన పెదాలతో అన్న 'పర్లేదు'ని పోలి లేదు.

పైడితల్లి చేతులు కీబోర్డు మీంచి తీసేసింది.

'గొంతు' ఒక మాట ఊహించి రాయగానే కింద రెండు బటన్లు వస్తాయి, 'అవును', 'దిద్దు'. పక్కనున్నవాళ్ళు అవును నొక్కితే అది ఖాయం చేసుకుంటుంది. దిద్దు నొక్కి మాట మారిస్తే, మార్చినదాన్నే నేర్చుకుంటుంది. తప్పు ఊహల్ని దాచుకోవడం దేనికని, దిద్దగానే పాతది చెరిపేసే కోడు రాసింది పైడితల్లే. డిస్కు ఖాళీ మిగిలిందని అప్పట్లో మెచ్చుకున్నారు కూడా. కిందటేడు ఢిల్లీలో ఒక సభలో తనే అప్ప చాట్‌ని తెర మీద పెట్టి, జబ్బు ముదిరేకొద్దీ పేషెంటు ఎంత ప్రశాంతంగా మారిందో చూడండని గ్రాఫు గీసి మరీ చూపించింది. పైకి ఎక్కే గ్రాఫు. 'పర్లేదు'ల గ్రాఫు.

వహీదా మేడమ్ వచ్చి వెనక నిలబడి ఆ కుప్పల్ని చాలాసేపు చూసింది. ఎవరు దిద్దేదని అడిగింది. మా అమ్మ, అంది పైడితల్లి. "మిగతా ఇళ్ళలో?" అంది మేడమ్. జవాబు ఇద్దరికీ తెలుసు. ఆవిడ ఫోన్ల జాబితా తీసుకుని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

సూరీడమ్మ ఇంట్లో బియ్యం ఎప్పుడూ అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరదు, కొండెక్కుతుంది. వీధి చివరిదాకా వెళ్ళేవాళ్ళు కూడా ఎల్లొస్తానంటారే తప్ప ఎల్తానని అనరు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, మన నోటి మాటకి అస్తు అనేస్తారని ఆమె నమ్మకం. చిన్నప్పుడు పైడితల్లి పరీక్ష తప్పుతానేమో అన్నందుకు నోటిమీద ఒకటి పడింది. ఇవన్నీ తెలిసీ ఆ అమ్మాయి దిద్దు బటన్‌ని తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. చదువు మనిషిని ఎంత గుడ్డిదాన్ని చేస్తుందో కొలిచే గ్రాఫు ఇంకా రాలేదు.

గురువారం పొద్దున్న వంటింట్లో అడిగింది.

"అమా, అప్ప మాటలు నువ్వు దిద్దేదానివా?"

"తప్పు రాస్తే దిద్దమని నువ్వే సెప్పినావు గదే."

"తప్పంటే మిషను తప్పు. అప్ప అనని మాట రాస్తే."

"అనకూడని మాట రాస్తేనో?" అంది సూరీడమ్మ. చింతపండు పిసుకుతున్న చెయ్యి ఆగింది. "రోగిష్టి మనిషి నోట ఆ మాటలేటి? ఇంట్లో, అదీ దీపాలెట్టే యేళ? నాను సూస్తూ వూరుకోవాలా? మార్సీసినాను. మంచి మాట ఎట్టినాను. అయినా ఏడాదయిపోనాది నాను దిద్ది. అదే మానుకుంది. దానికే బుద్ధొచ్చి మెత్తబడింది."

మానుకోలేదని చెప్పాల్సింది పైడితల్లే. చెప్పింది. మూడేళ్ళు అమ్మ దిద్దగా దిద్దగా, అప్ప గొంతులోంచి ఆ బాపతు చప్పుడు ఏదొచ్చినా పర్లేదు అని రాయాలని మిషను నేర్చేసుకుంది. అక్కణ్ణుంచి అమ్మతో పని లేకుండా అదే రాసేస్తోంది. ఈ ఏడాదీ అప్ప అంటూనే ఉంది. ఎదురుగా తెర మీద తన మాట పర్లేదుగా మారడం చూస్తూనే ఉంది. దాని కింద అమ్మ అవును నొక్కడం కూడా.

సూరీడమ్మ పిసకడం మళ్ళీ మొదలుపెట్టింది. చింతపండు రసం మోచేతిదాకా కారింది, తుడుచుకోలేదు.

ఏం చెయ్యాలో పైడితల్లి వివరించింది. ఆ పదకొండు కుప్పలకీ అసలు పేర్లు పెట్టాలి. మిషను దగ్గర తేదీలూ వేళలూ ఉన్నాయి, మాటలు లేవు. మాటలు ఉన్నది అమ్మ బుర్రలోనే. పేరు రాస్తే చాలదు. కొత్త వెర్షన్‌కి చప్పుడుతో జత కుదరాలంటే, ఆ ఇంటి యాసలోనే ఎవరైనా ఆ మాటని మైకు ముందు మూడుసార్లు పలకాలి.

మూడుసార్లు అన్న దగ్గర సూరీడమ్మ లేచి వెళ్ళిపోయింది. ఆ రోజంతా అప్ప మంచం దగ్గర కూర్చుని కాళ్ళు పట్టింది, తిండిగొట్టంలో జావ పోసింది, దుప్పటి మార్చింది, నోరు మాత్రం విప్పలేదు. మధ్యాహ్నం పైడితల్లి వచ్చి బతిమాలింది. సాయంత్రం కోప్పడింది. నువ్వు చెప్పకపోతే రేపు ఫోర్స్ కొడతాను, ఆ తర్వాత దాని ఒళ్ళు తగలబడుతున్నా తెర మీద పర్లేదనే వస్తుంది, బతికినన్నాళ్ళూ, అని అంది. తగలబడటం అన్న మాటకి సూరీడమ్మ రెండు చెవులూ మూసుకుంది. మంచం మీద పచ్చ దీపం ఆగకుండా కొట్టుకుంటోంది.

శుక్రవారం మూడున్నరకి పైడితల్లి ఫోర్స్ ఆదేశం టైపు చేసి పెట్టుకుంది. నాలుగుంపావుకి ఎంటర్ కొట్టాలని నిర్ణయించుకుంది. అప్పుడు సూరీడమ్మ వచ్చి పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

"తారీకులు సదువు," అంది.

రెండేళ్ళ కిందటి మార్చి పన్నెండు, సాయంత్రం ఆరూ పది. సూరీడమ్మకి వెతుక్కోవాల్సిన పనే లేదు. పెద్దాసుపత్రి డాక్టరొచ్చి వెళ్ళిన రోజట. ఇంకెందుకు, అందట అప్ప. ఆ ఏడే జూన్ మూడు. కాలుతోంది, అందట. శ్రావణం మొదటి శుక్రవారం. బయమేస్తంది. ఒక్కొక్కటీ ఆమె పైడితల్లి చెవిలో గొణిగితే, పైడితల్లి మైకు ముందు మూడేసిసార్లు గట్టిగా పలికింది. నొప్పి. చాలు. నన్నొగ్గేయండి. ఒక్కో పేరు పడగానే ఒక్కో కుప్ప కింద రంగు మారింది.

ఎనిమిదోదానికి సూరీడమ్మ కాస్త తటపటాయించింది. అది అశుభం కాదంది. అమ్మని సూస్తే సిరాకేస్తంది, అని ఒకసారి కాదు, ముప్పై నలభైసార్లు అందట. "అది దిద్దక్కర్నేదు. నాకే మనసొప్పక దిద్దీసినాను," అంది, కూతురి మంచం వైపు చూడకుండా.

పదో కుప్ప. పోయినేడు జనవరి, వరసగా పంతొమ్మిది రోజులు. నాలుగూ ఇరవై అయింది. పైడితల్లి మైకు దగ్గరికి లాక్కుని చెవి ఒగ్గింది. తల్లి చెవిలో చెప్పలేదు. ఏమిటో పైడితల్లికి అర్థమైపోయింది. సరే, నేనే అనేస్తానని నోరు తెరవబోయింది. సూరీడమ్మ అరచెయ్యి వచ్చి ఆ నోటిని మూసింది.

"నీ నోట వొద్దు. నువ్వింకా బతకాల్సినదానివి."

మైకు తన వైపు తిప్పుకుంది. అరవై ఏళ్ళుగా కాపాడుకున్న నోరు అది. మొదటిసారి గొణిగింది, మిషను తీసుకోలేదు. గట్టిగా చెప్పమంది. నీళ్ళు తాగి, మంచం కోడు పట్టుకుని, కూతురి ముఖంలోకి చూస్తూ చెప్పింది. "సచ్చిపోవాలనుంది. సచ్చిపోవాలనుంది. సచ్చిపోవాలనుంది." కిటికీలోంచి వంగిన ఎండ లోపలికొస్తోంది. పైనున్న దేవతలు ఎవరి మాటనుకున్నారో వాళ్ళకే తెలియాలి. పచ్చ దీపం కొట్టుకోవడం ఆపింది. అప్ప వింటోంది.

మిగిలింది పదకొండోది. అన్నిటికన్నా పెద్దది, నాలుగు వేల పైచిలుకు చప్పుళ్ళు. మొదటి తేదీ పదకొండు నెలల కిందటిది. సూరీడమ్మ తల అడ్డంగా ఊపింది. తను దిద్దడం మానేశాక పుట్టిన కుప్ప అది. పుట్టిన రోజునుంచీ పర్లేదుగానే పుట్టింది.

పేరు లేకుండా వదిలేద్దామంటే తనిఖీ ఒప్పుకోదు. ఖాళీ గడికి చోటు పెట్టలేదు ఆ ఫారంలో. అదీ పైడితల్లి రాసిందే. నాలుగూ ముప్పై ఎనిమిదికి వహీదా మేడమ్‌కి ఫోన్ చేసింది. తోచిందేదో పెట్టి దాటించెయ్యమందావిడ, బతిమాలుతున్న గొంతుతో. తోచింది పెట్టడమంటే, నిన్నటిదాకా అమ్మ చేసిన పనే. నొప్పి అని పెట్టచ్చు, ఆకలి అని పెట్టచ్చు. ఏది పెట్టినా అప్ప నోట్లో ఇంకో మనిషి మాట.

మైకు ముందుకి జరిగి, "తెల్దు," అంది పైడితల్లి. "తెల్దు. తెల్దు."

గుమాస్తా ఆలోచించాడు. రంగు మారింది. అరవై మూడు దాటింది. డెబ్భై. ఎనభై దగ్గర ఆగితే సూరీడమ్మ కళ్ళు మూసుకుంది. నాలుగూ యాభై రెండుకి చాట్ కిటికీ తెరుచుకుంది.

తెల్దు, అని వచ్చింది మొదటి మాట. మళ్ళీ తెల్దు. మళ్ళీ. వరసగా పదహారుసార్లు. అప్ప పదేపదే అంటున్నది ఆ పేరు తెలియని పదకొండో మాటే. తర్వాత దీపం కాసేపు ఆగింది, మనిషి దారి మార్చుకుంటున్నట్టు. అప్పుడు ఒక్కో ముక్కా రావడం మొదలైంది. అందులో కొన్నిటికి ఇన్నాళ్ళూ దారి మూసుకుపోయింది.

'నోరు.'

'నొప్పి.'

'కాలుతోంది.'

'కింద. ఎడం పక్క.'

అప్ప దవడలు బిగుసుకుపోయి చాలాకాలమైంది. తిండి గొట్టంలోనే. సూరీడమ్మ రోజూ, తెర మీద నోరు అని వచ్చినప్పుడల్లా, తడిగుడ్డతో పెదాలూ ముందరి పళ్ళూ తుడుస్తుంది కానీ, లోపలికి వేలు పోదు. చెంచా వెనక భాగం పెట్టి ఇద్దరూ కలిసి నెమ్మదిగా దవడ తెరిచారు. పైడితల్లి ఫోన్ దీపం వేసింది. ముందు వాసన తెలిసింది. తర్వాత కనబడింది. కింది వరసలో, వెనక, సగం విరిగి నల్లబడిన దంతం. దాని చుట్టూ చిగుళ్ళు పండిన టమాటాలా ఉబ్బి, చీము తెల్లగా ఊరి ఉంది.

మామూలు పన్ను నొప్పి. వీధి చివర డెంటిస్టు ఉన్నాడు. పావుగంట పని.

పైడితల్లి కుర్చీలోకి వచ్చి పదకొండో కుప్పని తెరిచింది. మైకు ముందు "పన్ను" అని మూడుసార్లు అంది. మూడోసారి మాట సగమే వచ్చింది, అయినా మిషను తీసుకుంది. చాట్‌లో పాత మాటలు వాటంతటవే సర్దుకోవడం మొదలుపెట్టాయి. సోమవారం నాటివి, పోయిన వారానివి, దసరా నాటివి. పర్లేదు పర్లేదు అని ఉన్న చోటల్లా పన్ను నొప్పి, పన్ను నొప్పి, పన్ను నొప్పి. ఢిల్లీలో గ్రాఫు గీసిన నెల కూడా కళ్ళముందే మారిపోయి పైకి వెళ్ళిపోయింది. పైడితల్లి అదంతా చదివింది. చదవకుండా ఉండే హక్కు లేదనిపించింది.

కింద కొత్త వరస వచ్చింది.

'ఏడాది నుంచి సెప్తన్నాను. ఇంజనీరంట ఇంజనీరు.'

పైడితల్లి నవ్విందో ఏడ్చిందో సూరీడమ్మకి అర్థం కాలేదు, పట్టించుకోలేదు కూడా. ఆమె చూపు తెర మీద లేదు. మంచం మీదికి వంగి, కూతురి సగం తెరుచుకున్న కళ్ళకి ఎదురుగా తన ముఖం పెట్టింది. జీవితంలో ఎవర్నీ అడగని మాట అది. గొంతు తగ్గించలేదు.

"ముత్యాలూ. సచ్చిపోవాలని ఇంకా ఉందేటమ్మా?"

దీపం వెలగలేదు. గోడ మీద ఎండ గీత కిందికి జారింది. పాత సర్వర్ ఆగిపోయిందని తెర మూలన ఒక సందేశం వచ్చి పోయింది. సూరీడమ్మ కదల్లేదు, అడిగిన మాట వెనక్కి తీసుకోలేదు. చాలాసేపటికి పచ్చగా ఒక్క మినుకు, తర్వాత ఇంకోటి.

'ముందు పన్ను పీకించండి. అప్పుడడుగు.'